ఆయప్ప తిన్నాక

మా అవ్వ నిద్ర లేవగానే అరచేతులు చూసుకుంటుంది. కళ్ళు తెరిచి, కాసేపు పైకప్పు వైపు చూసి, దుప్పటిలోంచి రెండు చేతులూ బయటికి తీసి ముఖానికి ఎదురుగా పట్టుకుంటుంది. తర్వాత వాటిని కళ్ళకద్దుకుంటుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన అలవాటట. తన ఊరు మరిచిపోయింది, నా పేరు మరిచిపోయింది, చీర ఎలా కట్టుకోవాలో మరిచిపోయింది. ఇదొక్కటి మరవలేదు. ఇది కూడా మరిచిపోతే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆమె మంచం పక్కనే నేల మీద నా పడక. ఆమె కదిలితే చాలు, నాకు మెలకువ వచ్చేది. చేతులు దుప్పటి దాటుతున్నప్పుడే నేను లేచి కూర్చునేదాన్ని. అరచేతుల మీది నుంచి ఆమె చూపు మణికట్ల మీదికి దిగుతుంది. అక్కడ గాజులు ఉండవు.

"నా గాజులేమాయె?" అనేది మొదట, బిందెలో నీళ్ళు లేవేమని అడిగినట్టు, మామూలుగా. దిండు కింద వెతికేది. పక్కబట్టలు దులిపేది. తర్వాత కుడిచేత్తో ఎడమ మణికట్టును పట్టుకుని ఆగిపోయేది. మా వైపు ఆమె వయసు ఆడవాళ్ళ చేతులు ఒకే ఒక్క కారణానికి అలా బోసిపోతాయి. ఆ కారణం ఆమెకు తట్టడం నేను చూస్తూ ఉండేదాన్ని.

"ఆయప్ప పాయెనా?" అనేది నా వైపు తిరిగి.

ఆయప్ప అంటే మా తాత. ఆమె ఎన్నడూ ఆయన పేరు పలకలేదు. అంతే, ఇక జుట్టు విప్పుకుని, గుండెలు బాదుకుని, శవం ఎదురుగా ఉన్నట్టే శోకాలు తీసేది. కొత్తలో ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. తర్వాత రావడం మానేశారు. ఆ తర్వాత మా వైపు కిటికీలు మూసుకోవడం మొదలుపెట్టారు. స్నానం చేయించి, తల దువ్వి, రాగిజావ తాగించేసరికి ఆమెకు ఏదీ గుర్తుండేది కాదు. కళ్ళు మాత్రం వాచి ఉండేవి. "నాకు కండ్లు మంటగా ఉండాయి పాపా, యాలబ్బా" అని నన్నే అడిగేది. మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే మళ్ళీ మొదటికొచ్చేది.

తాత పోయింది కిందటేడు వానాకాలంలో, కంప్లిలో. అప్పటికే అవ్వకు జబ్బు ముదిరింది. దినాల నాడు ఆడవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి గాజులు తీస్తుంటే, ఇవి ఎవరి దినాలని పక్కనున్నామెను అడిగిందట. ఆ తర్వాత మా నాన్న ఆమెను కూరెకుప్పలో మా దగ్గరికి తెచ్చుకున్నాడు. నాన్నకు తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, షిఫ్టులు. అమ్మ టౌన్‌షిప్పులో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. నేను అప్పుడే డిగ్రీ ముగించి ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చెప్తున్నాను. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి నేను ఉండిపోయాను. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని, స్కూలు మానేయడం నాకేమీ పెద్ద నష్టం కాదని ఇంట్లో అనుకున్నారు. మొదట్లో నేనూ అనుకున్నాను.

బళ్ళారి ఆస్పత్రిలో అవ్వను చూసిన డాక్టరమ్మ నాకంటే ఏమంత పెద్దది కాదు. జబ్బు పేరు చెప్పి, దీన్ని వెనక్కి తిప్పే మందు లేదని చెప్పి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అవ్వ తన ఊళ్ళో పొద్దున ఎన్నింటికి లేచేది, ఏం తినేది, ఏం పని చేసేది, దేనికి భయపడేది, సాయంత్రం ఎలా ఉండేది, అన్నీ అడిగింది. నేను నా వచ్చీరాని కన్నడంలో చెప్తూ పోయాను. నన్ను అంతసేపు ఎవరూ ఏదీ అడిగి ఉండలేదు. అందరికీ ఒకే తీరు సంరక్షణ పనికిరాదని, రవిక కొలత తీసుకుని కుట్టినట్టు ఆమె రోజును ఆమె కొలతకే కుట్టాలని నాకు అర్థమైంది. లేచేటప్పుడు డాక్టరమ్మ ఒక్క మాట గట్టిగా చెప్పింది. "తిద్దబేడి." అవ్వ తప్పు మాట్లాడినా సరిదిద్దవద్దని.

నేను ఆ రోజును కుట్టడానికి కూర్చున్నాను. బిస్కెట్లు మాన్పించి జొన్నసంగటి పెట్టాను. చేతులు ఊరికే ఉంటే చీరకొంగు పోగులు లాగుతుంది కాబట్టి చాటలో బియ్యం పోసి ఇచ్చాను, గంటసేపు రాళ్ళేరుతుంది. పశువులు ఇంటికొచ్చే వేళకు ఆమెకు కాలు నిలవదు. ఆ వేళకు చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా తీసుకెళ్ళి ఫ్యాక్టరీ బస్సులు వస్తుంటే చూపిస్తాను. ఎర్రదుమ్ములో వరసగా వచ్చే బస్సులను చూసి, "అన్నీ వచ్చినాయిలే, పోదాం పా" అంటుంది. వీటిని డైరీలో రాసుకుంటుంటే నాకు ధైర్యంగా ఉండేది. నేనూ ఒక పని చేయగలనని. అన్నీ కుదిరాయి, పొద్దున్న ఒక్కటే కుదరలేదు.

తాత ఫొటో బీరువాలో దాచాము. ఇంటికొచ్చే చుట్టాలకు ముందే చెప్పి ఉంచాము. తాత లేడని ఆమెకు మాలో ఎవరూ చెప్పేవాళ్ళం కాదు. ఆమె చేతులే ఆమెకు చెప్పేవి. చేతులు కప్పుదామని పొడుగు చేతుల స్వెట్టర్ వేశాను, మోచేతి దాకా పైకి లాగేసుకుంది. లేవకముందే లేపి రెండు చేతుల్లోనూ టీ గ్లాసు పెట్టాను. తాగి, గ్లాసు కింద పెట్టి, చేతులు చూసుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని చదువుకుంటూ గోడకు ఒరిగి నిద్రపోయాను. చేతికి నొప్పిగా అనిపించి కళ్ళు తెరిచేసరికి అవ్వ నా చెయ్యి పట్టుకుని నా మట్టిగాజులు ఒక్కొక్కటే తీస్తోంది. అప్పటికే రెండు తన చేతికి ఎక్కించుకుంది. నేను కదలలేదు. అన్నీ తొడుక్కున్నాక చేతులు ఎత్తి చూసుకుంది. కళ్ళకద్దుకుంది. శోకం రాలేదు. మంచం దిగి చీర సర్దుకుని, "ఏం పాపా, ఇంగా పండుకోనుండావు. ఎనుములకు నీళ్ళు పెట్టినావా?" అంది.

సాయంత్రం అమ్మ వచ్చి గడపలోనే నిలబడిపోయింది. చేతిలోని సంచి కింద పెట్టలేదు.

"తీసెయ్యి అవి. మీ నాయన చూస్తే ఏమైతాదో తెల్సా?"

నేను తీయలేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి నాన్న చూశాడు. చూసి, మళ్ళీ బయటికి పోయి, కడుక్కున్న కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు.

"మా నాయన పొయ్యి యాడాది గూడా గాలేదు గదమ్మా," అన్నాడు లోపలికొచ్చి, నా ముఖం చూడకుండా.

ఆయన కోప్పడి ఉంటే నేను తలొంచుకుని తీసేసేదాన్నే. అలా మెల్లగా అనేసరికి నాకు మాట వచ్చింది. రేపు పొద్దున ఆమె లేచే వేళకు నా బదులు ఆయనే ఆమె దగ్గర కూర్చోవాలని అడిగాను. ఆయనది ఆ వారం రెండో షిఫ్టు. పొద్దున కూర్చున్నాడు. అవ్వ అరచేతులు చూసుకుంది, గాజులు పైకి జరుపుకుంది, కళ్ళకద్దుకుంది. కొడుకును చూసి నవ్వింది. "ఏమప్పా, ఇంత పొద్దునే లేసినావే. యాడికన్నా పోవల్లా?" అంది. ఎక్కడికీ లేదమ్మా అని చెప్పి నాన్న లేచి వెళ్ళి పెరట్లో నిలబడ్డాడు. గాజుల మాట మళ్ళీ ఎత్తలేదు.

పక్కింటామె మాత్రం గోడ మీది నుంచి చూసి, "ఏమే, మీ అవ్వకు మళ్ళా మదువె గాని చేస్తాండారా?" అని నవ్వింది. పెళ్ళి చేస్తున్నారా అని. నేను చాట తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ పొద్దున ఏడుపు వినిపించలేదని ఆమెకూ తెలుసు. ఆమె కిటికీ తెరిచే ఉంది.

నేను ఆలోచించనిది ఒకటుంది. చేతికి గాజులున్నాయంటే మనిషి ఉన్నాడని. ఉన్నవాడు ఇంటికి రావాలి.

"ఆయప్ప ఇంగా రాలేదా?" అని అడగడం మొదలుపెట్టింది. మడికి నీళ్ళు కట్టను పోయినాడు, వస్తాడులే అని తనే చెప్పుకునేది. మొదట అది మాకు సులువుగానే అనిపించింది. ఔనవ్వా, కాల్వ మీదికి పోయినాడు అనేవాళ్ళం. కానీ కంచం ముందు పెడితే చేత్తో పక్కకు జరిపేది.

"ఆయప్ప తిన్నాక తింటా."

ఆయన వచ్చి తినేసి పోయినాడని చెప్పాను. నన్ను లేపకుండా ఎట్ట తింటాడంది. ఎవరి ఇంట్లోనో తిన్నాడని చెప్పాను. "ఆయప్ప ఒగరింట్లో మంచినీళ్ళు గూడా తాగడు" అంది, నన్ను దొంగను చూసినట్టు చూసి. తను పొద్దున స్నానం చేసిందో లేదో తెలియదు. ఆయన తీరు మాత్రం ఒక్కటీ పోలేదు. సంగటి కలిపి నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించేది. బలవంతం చేస్తే ఉమ్మేసేది. మరిచిపోయిన వేళ రెండు గుక్కల జావ దిగితే ఆ రోజుకు అంతే. చీర కుచ్చిళ్ళు నడుము దగ్గర నిలవడం మానేశాయి. నా గాజులు ఆమె మోచేతి దాకా పోయి వచ్చేవి.

డాక్టరమ్మ అవ్వ బరువు చూసి, పాత చీటీతో పోల్చి, రెండంకెలూ నాకు చూపించింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి పైపు వేయాల్సి వస్తుందంది. పైపు లాగేసుకుంటుంది కదా అని అడిగాను. లాగేసుకునేవాళ్ళకు చేతులు మంచానికి కట్టాల్సి వస్తుందని చెప్పింది, దాచకుండా. ఆ చేతులు కట్టేస్తే పొద్దున ఆమె ఏం చూసుకుంటుందని ఆస్పత్రి మెట్లు దిగుతున్నంతసేపూ అదే ఆలోచించాను. తలా తోకా లేని కోపం కూడా వచ్చింది నాకు, అవ్వ మీద, ఇంట్లో లేని అమ్మ మీద, ఎప్పుడో చచ్చిపోయి ఇంకా తిండికి రాని తాత మీద. ఆ పూట డైరీ తెరిచి ఒక్క ముక్క రాయలేకపోయాను.

మేము గదిలోంచి లేచే ముందు డాక్టరమ్మ ఇంకో మాట కూడా అడిగింది. కంప్లిలో తన ఇంట్లో అవ్వ ఎలా తినేదని. ఏం తినేదో నాకు తెలుసు గాని ఎలా తినేదో తెలియదు. ఇంటికొచ్చి అమ్మను అడిగాను.

"ఎట్ట తినేదేంది, మీ తాత తిన్న తట్టలోనే తినేది," అంది అమ్మ ఎర్రగడ్డలు తరుగుతూ. అది చెప్పదగిన మాటగా కూడా ఆమె అనుకోలేదు. మొగుడు తిని లేచిన కంచంలోనే పెళ్ళాం పెట్టుకుని తినడం ఆ కాలపు ఆడవాళ్ళ పద్ధతి. కడిగిన కంచంలో ఆమె ఎన్నడూ తినలేదు.

మేము చేస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది. ఇంటి పెద్ద కాబట్టి అందరికంటే ముందు ఆమెకు పెట్టేవాళ్ళం. కంచం తళతళలాడేట్టు తోమి పెట్టేవాళ్ళం. అంత శుభ్రమైన కంచం చూసిన ప్రతిసారీ, ఆయన ఇంకా తినలేదని మేమే ఆమెకు చెప్తున్నాం.

మర్నాడు ఒక కంచంలో పప్పు పూసి, నాలుగు మెతుకులు చల్లి, నమిలిన మునక్కాయ పిప్పి, కరివేపాకు అంచున పెట్టి తెచ్చాను. అవ్వ కంచాన్ని కళ్ళ దగ్గరికి ఎత్తి చూసింది.

"ఎవరు తిన్నారిందులో?"

"తాతవ్వా."

"ఆయప్ప కర్యాపాకు పారెయ్యడు," అని కంచం దూరం పెట్టింది.

అంటే ఆమె కళ్ళ ముందు ఒక మగమనిషి కూర్చుని తినాలి. మా ఇంట్లో ఉన్నది ఒక్కడే. తాత ముక్కు, తాత మీసం, తాత లాగే గొంతుక్కూర్చుని తినడం. నాన్నకు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పాక ఆయన లేచి నిలబడ్డాడు.

"నా ఎంగిలి మాయమ్మకు పెట్టాల్నా? కన్నతల్లికి?"

నేను పైపు గురించి చెప్పాను. ఆ మాట ఆయనకు అంతకుముందే తెలుసు. చేతుల గురించి తెలియదు.

"కట్టేస్తారా?"

"కట్టేస్తారంట నాన్నా."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. తాత చొక్కా వేసుకుని ఎన్నడూ అన్నానికి కూర్చోలేదు. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు, ఆయనకే తెలుసు.

వీధి తలుపు మూశాను. అవ్వ ఎదురుగా కూర్చుంది. గరిటె నా చేతిలోంచి తీసుకుని తనే వడ్డించింది. పప్పు కొంత కంచం దాటి నేల మీద పడింది. కొంగుతో ఈగలు తోలింది. "ఇంగొంచెం యేసుకో, ఎండన పడి వచ్చినావు" అంది. నాన్న తలెత్తలేదు. ముద్ద మింగడానికి ఆయనకు ప్రతిసారీ నీళ్ళు కావాల్సి వచ్చింది. ఆయన లేవగానే అవ్వ ఆ కంచాన్ని తన ముందుకు లాక్కుని, అందులోనే అన్నం పెట్టుకుని, ఆకలిగొన్న పిల్ల తిన్నట్టు తింది. అన్ని వారాల తర్వాత ఆమె దవడ కదలడం చూశాను. వంటింటి గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెరట్లో నాన్న చెయ్యి కడుక్కుంటున్నాడు. కొళాయి చాలాసేపు కట్టలేదు.

అప్పటి నుంచి నాన్న షిఫ్టే అవ్వ తిండివేళ. మొదటి షిఫ్టయితే ఆయన వచ్చేదాకా ఆమె ఆగుతుంది, జావ చుక్క కూడా ముట్టదు. నైటు షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషిని మధ్యాహ్నం నేను లేపాలి. కళ్ళు తెరవలేక తెరవలేక లేచి, చొక్కా విప్పి కూర్చునేవాడు. తోటివాళ్ళను బతిమాలి షిఫ్టులు మార్చుకునేవాడు. ఎందుకని అడిగితే మాయమ్మకు బాగలేదని మాత్రం చెప్పేవాడట. ఇంట్లో ఆయన మాటలు తగ్గిపోయాయి. అంతకుముందు షిఫ్టు నుంచి రాగానే "అమా, తిన్నావా" అని ఆమెను పలకరించేవాడు. ఆ పిలుపు మానుకున్నాడు. పిలిస్తే ఆమె అయోమయపడుతుందని.

అవ్వకు కొంచెం కండ పట్టింది. డాక్టరమ్మ ఈసారి బరువు చూసి నన్ను మెచ్చుకుంది. ఎలా తినిపిస్తున్నావని అడిగితే, మా నాన్నతో కలిసి తింటుందని చెప్పాను.

అంతలో తాత యాడాది వచ్చింది. సంవత్సరీకం కంప్లిలో మా అత్త ఇంట్లో చేయాలన్నారు. అత్త అంటే నాన్నకు అక్క, అవ్వకు పెద్దకూతురు. గాజులు తీసి తీసుకెళ్దామని అమ్మ అంది. దారిలో ఏడిస్తే బస్సులో ఎలా అని నాన్న అన్నాడు. ఏదీ తేల్చుకోకుండానే బస్సెక్కాము. అవ్వ చేతులకు కొంగు కప్పి పట్టుకుని నేను కూర్చున్నాను.

అత్త ఇంటి ముందు ఆటో దిగుతుంటే కొంగు జారింది. అత్త చూసింది. ఏమీ అనకుండా తల్లి చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. నేను వెనకాలే పోయాను. తీయడానికి ఏమీ కష్టం కాలేదు, రెండు చేతుల గాజులూ ఒక్కసారి దూస్తేనే వచ్చాయి.

"పదిమందిలో మా నాయన మానం తీయల్లనుకున్నారా? సదువుకున్న పిల్లవి, నీకన్నా తెలీదా?"

నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆ ఇంటి నిండా చుట్టాలు. నేను జారిన కొంగు తీసి అవ్వ భుజం మీద వేశాను.

అవ్వను తెచ్చి తాత ఫొటో ముందు కూర్చోబెట్టారు. దండ వేసిన ఫొటోను చూసింది. తన చేతులు చూసుకుంది. తర్వాత జరిగింది నాకు రోజూ తెలిసిందే. వచ్చినవాళ్ళకు మాత్రం కొత్త. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. "మతి లేదంటాండారే, అన్నీ గ్యాపకం ఉండాయి గదా" అని ఒకామె అంది. ఈ వయసులో మొగుని మీద ఇంత ఆశ ఎవరికుంటుందని ఇంకొకామె అంది. అత్త తల ఎత్తుకుని తిరిగింది. అవ్వ ఆ రోజంతా పచ్చినీళ్ళు ముట్టలేదు. ఒక్కపొద్దు ఉందనుకున్నారు.

ఆ రాత్రి తల్లి పక్కన తనే పడుకుంటానంది అత్త. తెల్లారి నేను లేచి గుమ్మం బయట కూర్చున్నాను. లోపల మంచం కిర్రుమంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"నా గాజులేమాయె?"

"నిన్న తీసినాం గదమ్మా, నాయన యాడాదని," అంది అత్త నిద్రమత్తులో.

మంచం మళ్ళీ కిర్రుమంది. తర్వాత అవ్వ గొంతు.

"మీ నాయన పాయెనా? ఎప్పుడు పాయె? నాకెవరూ చెప్పకపోతిరే. నన్ను చూడనియ్యకనే ఎత్తకపోతిరా?"

నిన్నటి శోకం అత్తకు సరిపోయింది. ఈ మాట వేరు. తండ్రిని తల్లికి చూపించకుండా దాచిపెట్టిన కూతురై ఆ మంచం మీద కూర్చుంది. నిన్న నువ్వే ఏడిస్తివి కదమ్మా, అని చెప్పబోయింది. అవ్వ ఆమె చెయ్యి తోసేసింది. చాలాసేపటికి అత్త బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"దినామూ ఇంతేనా?"

"గాజులు లేకుంటే దినామూ ఇంతే అత్తా."

ఆమె మళ్ళీ లోపలికి పోలేదు. బస్టాండుకు మాతో వచ్చింది. మేము బస్సు కోసం చూస్తుంటే ఎక్కడికో పోయి వచ్చి, పేపరులో చుట్టినదేదో నా సంచిలో పెట్టింది. "మా ఊర్లోకి తెచ్చేటప్పుడు మటుకు..." అని ఆగి, అవ్వ తల నిమిరి వెళ్ళిపోయింది. బస్సు కదిలాక విప్పి చూశాను. కొత్త మట్టిగాజులు, ఆకుపచ్చవి, నావాటికంటే చిన్న సైజు. కొలత ఎప్పుడు తీసుకుందో తెలియదు. బస్సులోనే అవ్వ చేతులకు తొడిగాను. ఆమె తుంగభద్ర వంతెన వైపు వేలు చూపించి ఏదో చెప్పి నవ్వింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. నిన్న పొద్దుటి నుంచి ఆమె కడుపులో ఏమీ లేదు. అమ్మ గబగబా అన్నం వండింది, పప్పు చేసింది. నేను వీధి తలుపు మూశాను. నాన్న చొక్కా విప్పి కూర్చున్నాడు. అవ్వ ఎదురుగా కూర్చుని వడ్డించింది. గాజులు కొత్తవి కాబట్టి గలగలమంటున్నాయి. అంతా ఎప్పటిలాగే ఉంది, ఇంకాసేపట్లో ఆమె తింటుంది, నేను కూడా పడుకోవచ్చు అనుకున్నాను. నాన్న సగం తిన్నాడు. అవ్వ ఈగలు తోలడం ఆపింది. మూసిన తలుపు వైపు చూస్తోంది.

"పిల్లోడు రాలేదే," అంది.

ఆమె నాన్న మోకాలు తట్టింది.

"నిన్నే. మన పిల్లోడు రాలేదే. పొద్దుననంగా పాయె. యాడికి పాయె?"

నాన్న చేతిలో ముద్ద అలాగే ఉంది. అవ్వకు కొడుకు ఒక్కడే. ఆయన నా వైపు చూశాడు. ఇన్నాళ్ళూ అవ్వ రోజును కుట్టినది నేను. ఏం చెప్పాలో నేనే చెప్తాననుకున్నాడు. నేను కంచం వైపు చూశాను.

"పనికి పాయె," అన్నాడు చివరికి. "బస్సు ఇంగా రాలేదు. వస్తాడులే. నువ్వు తిను."

"వాడు తినందే నాకెట్ట దిగుతాది?"

నాన్న ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి విదిలించుకున్నాడు. అవ్వ ఆ కంచాన్ని తన వైపు లాక్కుంది. అందులో అన్నం పెట్టుకుంటుందని ముగ్గురం చూశాము. ఆమె దాన్ని తీసుకెళ్ళి మూలన పెట్టి, పైన మూత బోర్లించింది. స్టాండులోంచి కడిగిన కంచం ఒకటి తెచ్చి, కొంగుతో తుడిచి, నేల మీద పెట్టింది. అందులో అన్నం వడ్డించింది. మధ్యలో గుంట చేసి పప్పు పోసింది. ఎదురుగా కూర్చుంది.

"అమా," అన్నాడు నాన్న. చాలా రోజుల తర్వాత. "అమా, నేనే."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. మాట వినపడింది గాని ఎవరిదో తెలియనట్టు చూసి, చేత్తో పక్కకు జరగమని సైగ చేసింది.

"తిన్నావు గదా, లెయ్యప్పా. వాడు వచ్చే యాళాయె. వానికి చోటియ్యి."

నాన్న లేచాడు. అవ్వ ఆయన కూర్చున్న చోట నీళ్ళు చల్లి తుడిచింది. అన్నం మీద ఆవిరి తగ్గిపోతుంటే, తలుపు తీసి పెట్టమని నాతో చెప్పింది.